గురక క్యాసెట్

కొత్తగా దంతవైద్యం చదువుకుని వచ్చిన పిల్లలు ఎక్కడైనా కనబడితే నేనొక ప్రశ్న అడుగుతుంటాను. "మీ ఇంట్లో గురక పెట్టేదెవరు?" అని. పళ్ళ డాక్టరమ్మకు గురకతో ఏం పని అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వండి తల్లీ, నేనూ నవ్వినదాన్నే. నా సర్వీసు సగం దాటేదాకా నాకూ తెలియదు. పన్ను పీకడం, సిమెంటు పెట్టడం, కట్టుడు పళ్ళు బిగించడం, సాయంత్రానికి ఇంటికి పోవడం. అంతే అనుకున్నాను. ఆ తెలివితక్కువ మీకు వద్దని ఈ సంగతి చెబుతున్నాను. ఓపికుంటే వినండి, లేకపోతే కళ్ళు మూసుకోండి, నేనేమీ అనుకోను. నిద్రపోయేవాళ్ళకు కథలు చెప్పడం నాకు బాగా అలవాటు.

పాల్వంచలో కరెంటు తయారుచేసే కంపెనీ ఒకదాని కాలనీ దవాఖానాలో నా ఉద్యోగం. మావారు అదే కాలనీ బడిలో లెక్కల మాస్టారు. ఆయన గురక మా వరుస క్వార్టర్లన్నిటికీ తెలుసు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి పడక్కుర్చీలో వాలితే పిండిమర మొదలయ్యేది. గోడవతల నుంచి పక్కింటావిడ, "సారు మిల్లు షురూ జేసిండ్రు, బియ్యం పట్టుకురావాల్నా?" అని అరిచేది. నేను దవాఖానా నుంచి వచ్చి, ఆ రోజు ఎవరి పన్ను ఎట్లా వచ్చిందో, ఎవరు నన్ను కొరికారో పూసగుచ్చినట్టు చెబుతుంటే ఆయన గురక పెడుతూనే ఉండేవారు. నాకు ఒళ్ళు మండి చెవి మెలిపెడితే, కళ్ళు తెరవకుండానే, "పడుకోలేదే, వింటున్నా. చెప్పు" అనేవారు. పచ్చి అబద్ధం. నేను మళ్ళీ మొదలుపెట్టేదాన్ని, ఆయన మళ్ళీ మొదలుపెట్టేవారు.

కిడ్నీల జబ్బు చేసి ఆయన పోయారు. గురకకూ ఆ జబ్బుకూ సంబంధం లేదని తర్వాత నేను నలుగురైదుగురు డాక్టర్లను అడిగి మరీ తెలుసుకున్నాను. ఆయన పోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దమయిందంటే ఫ్రిజ్ ఆగినా నాకు మెలకువ వచ్చేది. నిద్రలేని మనిషికి నోరు ఊరుకోదు. దవాఖానాలో నర్సుల మీద, పేషెంట్ల మీద, చివరికి కుర్చీ మీద కూడా అరిచేదాన్ని.

ఆ రోజుల్లో మా దవాఖానాకు ఊపిరితిత్తుల డాక్టర్ ఒకాయన వచ్చారు. గోదావరి వైపు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు, మాట మెత్తన, ప్రతి మాట చివరా 'అండి'. నేను అరుస్తుంటే ఆయన టీ తెప్పించేవారు. వచ్చిన కొత్తలోనే కాలనీ ఆడవాళ్ళకు ఒక చిత్రమైన పని పురమాయించారు. "మీ ఇంటాయన గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అనిపిస్తే, టేప్‌రికార్డర్లో పట్టుకురండమ్మా" అని. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఒకటుందని, దాన్ని స్లీప్ ఆప్నియా అంటారని, దాని పరీక్ష చేసే మిషన్లు హైదరాబాదులో తప్ప లేవు కాబట్టి ఎవరిని పంపాలో, ఎవరిని వద్దో ముందు ఆ క్యాసెట్టు విని తేల్చుకుంటానని ఆయన లెక్క. పెళ్ళి పాటల క్యాసెట్లు, భజనల క్యాసెట్లు, అన్నిటి మీదా గురకలు ఎక్కాయి. ఆయన గదిలోంచి పొద్దంతా గురకలు వినిపిస్తుంటే మందుల కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వి చచ్చేవాళ్ళు.

అట్లా వచ్చిన ఒక క్యాసెట్టు గురించే నేను చెప్పబోయేది.

టర్బైన్ హాలులో కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను ఉంటుంది. దాని ఆపరేటర్ ఒకతను, కిన్నెరసాని అవతల తండా మనిషి, నలభై దాటినవాడు. ఎంత బరువైనా గుడ్డు దింపినట్టు దింపుతాడని పేరు. ఆ మనిషి ఒక మధ్యాహ్నం, కొక్కేనికి బరువు వేలాడుతుండగానే క్యాబిన్లో కునుకు తీశాడు. కింద ఫోర్‌మన్ గొంతు చించుకుని అరిస్తే గానీ లేవలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి అతన్ని క్రేను దించి, స్టోర్స్‌లో చేతి తొడుగులు పంచే బల్ల ముందు కూర్చోబెట్టారు. తాగి ఎక్కాడని పుకారు. చుక్క ముట్టని మనిషి అతను.

అతని భార్య క్యాసెట్టు పట్టుకుని వచ్చింది. ఆ రోజు టీకి నేనూ డాక్టర్ గారి గదిలోనే ఉన్నాను. టేపులో గురక పెద్దగా సాగి, చివర చిన్న ఈలతో తేలి, హఠాత్తుగా ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ రాదు. మేమిద్దరం ఊపిరి బిగపట్టాం. అప్పుడు ఒక ఆడగొంతు వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద ఊపిరి, వెనకే మగగొంతు మూలుగుతూ ఒక మాట. మళ్ళీ గురక. టేపు పొడుగునా అదే తంతు.

"ఏమని అడుగుతున్నావమ్మా?" అన్నాను.

"'ఉన్నవా?' అని అడుగుత డాక్టరమ్మా. 'ఉన్న' అంటడు. అప్పుడు నేను కన్ను మూస్త. మల్ల ఆగుతది. మల్ల అడుగుత." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పిల్లలు పుట్టినకాడికెళ్ళి గిదే. నేను నిద్రవోతే ఎవలు అడుగుతరు?"

డాక్టర్ గారు అతన్ని హైదరాబాదు పంపారు. అనుకున్న జబ్బే. మరీ ముదరలేదు, అట్లాగని వదిలేసేదీ కాదు. కంపెనీ ఖర్చుతో సీప్యాప్ మిషన్ వచ్చింది. ముక్కుకు ఒక తొడుగు, దానికి పొడుగు గొట్టం, గొట్టం చివర చిన్న పెట్టె. పెట్టె గాలి నెడుతుంటే గొంతులో దారి మూసుకుపోదు. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "తొండం పెట్టుకుని పండుకునుడు ఏంది మేడమ్, ఆడోళ్ళు నవ్వరా?" అన్నాడు గానీ మిషన్లతో బతికినవాడు కాబట్టి వారంలో దాని మర్మం పట్టేశాడు. మొహంలో తేట వచ్చింది. స్టోర్స్ బల్ల ముందు కూర్చుని కూడా కునకడం మానేశాడు. దసరా వెళ్ళాక కంపెనీ ఫిట్‌నెస్ కమిటీ ముందు హాజరు కావాలి. వాళ్ళు సరేనంటే మళ్ళీ క్రేను. కాదంటే జీవితమంతా చేతి తొడుగులే.

పైగా ఆ కార్తీకంలో టర్బైన్ విప్పి రోటర్ లేపే పని పెట్టుకున్నారు. రోటర్ అంటే టర్బైన్ లోపలి పెద్ద ఇరుసు. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే కొన్ని నెలల కరెంటు నీళ్ళపాలు. అది లేపడం క్రేను ఆపరేటరుకు పెళ్ళి చేసినంత గొప్ప. అతను స్టోర్స్ కిటికీలోంచి హాలు కప్పువైపు చూస్తుంటాడని మా నర్సు చెప్పింది. నేను అడిగితే, "నేను పైకెళ్ళి కిందికి చూసెటోన్ని మేడమ్. కిందికెళ్ళి పైకి చూసుడు నాతోటి అయితలేదు" అన్నాడు.

ఇక్కడే దసరా వచ్చి మా కొంప ముంచింది.

మా కాలనీలో దసరా అంటే మిషన్ల పండగ. టర్బైన్ మొదలుకుని కుట్టుమిషన్ దాకా, బుల్డోజర్ మొదలుకుని పిల్లల సైకిల్ దాకా పసుపు, కుంకుమ, నిమ్మకాయ పడాల్సిందే. పూజయ్యాక ఒకసారి స్టార్ట్ చేసి నడిపించాల్సిందే. నా పళ్ళ కుర్చీకి కూడా ఏటా బొట్టు పెట్టి, దండ వేసి, పైకీ కిందికీ ఒకసారి ఆడించేవాళ్ళు. ఇక మొగుడికి ఊపిరి పోస్తున్న మిషన్‌ను, అందునా తొండమున్నదాన్ని, ఆ ఇల్లాలు వదులుతుందా? పీటేసి కూర్చోబెట్టింది. పసుపు ముద్ద కలిపి పూసింది. నున్నటి ప్లాస్టిక్ మీద పసుపు నిలవక జారిపోతుంటే, వెనక గాలి పీల్చే జాలీ గరుకుగా కనబడి, అక్కడైతే నిలుస్తుందని దట్టంగా మెత్తింది. దాని మీద కుంకుమ. ముందు సాంబ్రాణి. దణ్ణం పెట్టుకుని స్విచ్చి వేసింది. మిషన్ కుంకుమా, పొగా, పసుపు నీళ్ళూ కలిపి ఒక్క గుటక మింగి, రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది.

కబురు అందగానే డాక్టర్ గారూ నేనూ వాళ్ళ క్వార్టర్‌కు పరుగెత్తాం. బంతిపూల దండలో మిషన్ కొలువుతీరి ఉంది. డాక్టర్ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు, చెప్పులు విప్పాలో వద్దో తేలక.

"బాగు చెయ్యమని ఏమని రాయమంటారండి మేడమ్? దేవుడైపోయింది అని రాయనా?" అన్నారు మెల్లగా.

నాకు నవ్వు ఆగలేదు. ఆ ఇల్లాలి మొహం చూశాక ఆగింది. "సైకిల్‌కు బొట్టు పెట్టి గీయనకు పెట్టకపోతే కండ్లు పోవా అమ్మా? నా చేతుల్తోనే జేసిన గదా, నా చేతుల్తోనే!" అని నెత్తి కొట్టుకుంటోంది. భర్త ఆమెను ఒక్క మాటనలేదు. "నేనైనా పెడుదు మేడమ్. క్రేనుకు ఏటా పెట్టేది నేనే గదా" అన్నాడంతే. మిషన్ హైదరాబాదు పోయింది. దీపావళి దాటితే గానీ రాదన్నారు. కమిటీ మాత్రం దీపావళికి ముందే. అప్పటికే రెండు రాత్రులు మిషన్ లేకుండా పడుకునేసరికి అతను మళ్ళీ బల్ల మీద తల వాలుస్తున్నాడు.

అప్పుడు డాక్టర్ గారు నావైపు తిరిగారు. "మేడమ్ గారూ, మీరేదో ట్రైనింగుకు వెళ్ళొచ్చారు కదండీ. దవడ ముందుకు జరిపే పళ్ళ సెట్టు. చేస్తారా?"

వెళ్ళొచ్చాను. చేయలేదెప్పుడూ. సంగతి సులువే: నిద్రలో కింది దవడ వెనక్కి జారి, నాలుక గొంతుకు అడ్డం పడుతుంది. పైపళ్ళకొకటి, కిందిపళ్ళకొకటి తొడుగులు చేసి, కింది దవడను కాస్త ముందుకు నిలిపి జత కలిపితే దారి తెరుచుకుంటుంది. పిల్లలూ, గుర్తుపెట్టుకోండి, ఇది అందరికీ కాదు. జబ్బు బాగా ముదిరినవాళ్ళకు మిషనే గతి. పళ్ళు గట్టిగా ఉండాలి, తర్వాత మళ్ళీ పరీక్షించి చూసుకోవాలి. ఇతని పళ్ళు, అబ్బో, చింతగింజలు కొరికి పౌడర్ చేసే పళ్ళు.

అదే చిక్కయింది. నేను కొలతలు తీసి ఇస్తే మా ల్యాబ్ మెకానిక్, నమాజుకు తప్ప స్టూల్ మీంచి లేవని పెద్దాయన, పుస్తకంలో చెప్పినంత మందంతో అందంగా చేశాడు. మర్నాడు క్రేను ఆపరేటర్ దాన్ని రుమాల్లో కట్టి తెచ్చాడు. రెండు ముక్కలు. నిద్రలో పటపటా కొరికేశాడు. ల్యాబ్ పెద్దాయన ఆ ముక్కలు చూసి గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, గిది జొన్నరొట్టె దవడ. పుస్తకం రాసినోడు బ్రెడ్డు తిన్నోడు" అన్నాడు. ఇద్దరం కూర్చుని రెట్టింపు మందంతో మళ్ళీ చేశాం. ఆ వారం నేను ఎవరి మీదా అరవలేదని తర్వాత నర్సులు చెప్పుకున్నారట.

కమిటీకి ముందు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం వార్డులో పరీక్ష పెట్టాం. భార్య రొట్టెలు, పప్పు, పచ్చడి తెచ్చి కడుపునిండా పెట్టింది. డాక్టర్ గారు అతని వేలికి ప్రాణవాయువు కొలిచే క్లిప్పు తగిలించారు. ముందు పళ్ళ సెట్టు లేకుండా పడుకోమన్నారు. చూసి, తర్వాత పళ్ళతో. అతను తల దిండుకు ఆనించాడో లేదో మొదలయింది.

నేను అప్పటిదాకా టేపులోనే విన్నాను. మనిషి పక్కన కూర్చుని వినలేదు. గురక పెద్దదై, చివర్లో సన్నగా ఈల వేసింది. మావారి గురక చివర కూడా అదే ఈల. ఫ్యాను తిరుగుతోంది, కిటికీకి ఎండ, మంచం మీద మగమనిషి గురక. మా ఇంటి మధ్యాహ్నం. నేను చెప్పడం ఆపిన కబురు ఏదో నోటిదాకా వచ్చింది. వేలి క్లిప్పు తాలూకు పెట్టె మీద ఎర్ర అంకెలు దిగుతున్నాయి. "చాలండి మేడమ్, లేపి పళ్ళు పెట్టండి" అంటున్నారు డాక్టర్ గారు. వినబడుతోంది, లేవబుద్ధి కాలేదు. ఇంకొక్కసారి ఆ ఈల విందామని ఉంది. అంతలో ఊపిరి ఆగింది. భార్య ముందుకు వంగి వాళ్ళ భాషలో అడిగింది. "ఉన్న" అన్నాడతను. అప్పుడు లేచాను.

ఆమె నా మొహం చూసింది. "ఏందమ్మా, కండ్లల్ల నీళ్ళు?"

"మావారి గురకకు కూడా ఇట్లాగే చివర ఈల ఉండేదమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ! గీ సప్పుడు బంద్ గావాలని నేను మొక్కని దేవుడు లేడు. మీరేమో ఇనాలని ఏడుస్తున్నరు" అంది. డాక్టర్ గారు కిటికీవైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నటించారు.

పళ్ళు పెట్టి పడుకోబెట్టాం. సన్నటి సవ్వడి, పిల్లికూన గుర్రుమన్నట్టు. కాసేపటికి అదీ పోయింది. అంకెలు కదలకుండా పైనే నిలబడ్డాయి. ఆమెకు మాత్రం ప్రాణం కుదుటపడలేదు. వంగి అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. బిత్తరపోయి నన్ను చూసింది. నేను ఆమె అరచేయి తీసి అతని ఛాతీ మీద పెట్టాను. అది నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది.

"పలుకుతలేడు" అంది.

"నిద్రపోతున్నాడమ్మా. పలకాల్సిన పనిలేదు."

ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత గోడకు ఆనుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయింది. నోరు తెరుచుకుని, తల పక్కకు వాలి, ఎన్నేళ్ళ నిద్రో. డాక్టర్ గారు వేలు పెదవుల మీద పెట్టుకుని, "పదండి మేడమ్, టీ తాగుదాం" అని సైగ చేశారు. ఇద్దరం దొంగల్లా బయటికి నడిచాం.

కమిటీలో డాక్టర్ గారు మెత్తని మాటతోనే గట్టిగా వాదించారు. చివరికి కమిటీ వాళ్ళు రెండు షరతుల మీద ఒప్పుకున్నారు: క్యాబిన్లో పక్కన ఇంకొక ఆపరేటర్ ఉండాలి, నెలనెలా మా ఇద్దరి దగ్గర తనిఖీ ఉండాలి.

రోటర్ లేపే రోజు నేను టర్బైన్ హాలుకు వెళ్ళాను. ఇన్నేళ్ళ సర్వీసులో లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. తలకు పెద్ద హెల్మెట్, చీర కొంగు బొడ్లో దోపుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. ఫోర్‌మన్ చెయ్యి ఎత్తాడు. తీగలు బిగుసుకున్నాయి. ఆ ఇనుప ఇరుసు కదిలిందో లేదో తెలియనంత మెల్లగా పైకి వస్తోంది. నాకు దాని మీద చూపు లేదు. పైన అద్దాల గదిలో వంగి కిందికి చూస్తున్న ఆ తల మీదే ఉంది. వాలుతుందా? వాలలేదు. రోటర్ పక్కకు జరిగి, దాని పీటల మీద, అన్నట్టే గుడ్డులాగా దిగింది. పైనుంచి క్రేను గంట గణగణ మోగింది. హాలంతా కేకలు. నేనూ అరిచాను. అరవడం నాకు వచ్చిన విద్యే కదా.

గేటు బయట అతని భార్య నిలబడి ఉంది. లోపలికి రానివ్వరు. నన్ను చూడగానే ఎదురు పరుగెత్తింది. "మెలకువతోని ఉన్నడా అమ్మా?"

"ఉన్నాడమ్మా, ఉన్నాడు" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మిషన్ దీపావళి తర్వాత తిరిగొచ్చింది. క్వార్టర్లో ఉంటే తొండం, తండాకు పోతే పళ్ళు. ఊరందరికీ కరెంటు చేసేవాడి తండాలో కరెంటు ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఏటా దసరాకు ఆమె మిషన్‌కు మాత్రం దూరం నుంచే అక్షింతలు వేసేది. అతను రిటైరయ్యేదాకా ఆ క్రేను మీదే ఉన్నాడు.

డాక్టర్ గారు కొన్నాళ్ళకు వాళ్ళ గోదావరికే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గది సర్దుతుంటే గురక క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. ఆయన వెతికి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. దాన్ని చేతిసంచిలో వేసుకున్నాను. తర్వాత ఆ ఇల్లాలు కనబడినప్పుడు చెప్పాను, మీ క్యాసెట్టు నా దగ్గరుందని. "ఉంచుకో తల్లీ, మాకు దాంతోని పని లేదు గదా" అంది. ఆ మాట నిజమైనందుకు ఎంత సంతోషించానో, అంత కుళ్ళుకున్నాను కూడా.

ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. పడక్కుర్చీ నాతోపాటే వచ్చింది. క్యాసెట్టు అరిగింది, టేప్‌రికార్డర్‌ను బాగుచేసేవాడు గాంధీచౌక్ పక్క సందులో ఒక్కడే మిగిలాడు, వాడు నన్ను చూస్తే నవ్వుతాడు. మధ్యాహ్నం భోజనం చేసి, ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుని మీట నొక్కుతాను. గురక పెద్దదవుతుంది, చివర ఈల వేస్తుంది, ఆగుతుంది. ఆమె అడుగుతుంది. "ఉన్న" అంటాడతను.

అక్కడికి ఆపేస్తాను. ఆపి, ఆ రోజు కబుర్లు చెప్పడం మొదలుపెడతాను.